దాణా రసీదు

కొండ మీది పాత బారకాసులో
కాగితాలకి ఇప్పుడు కాపలా నేను.
గుర్రాలు కట్టేసిన చోట ఇనప అరలు.
వాన పడితే ఇప్పటికీ గోడల్లోంచి
లద్ది వాసన లేస్తుంది.
కొత్తగా చేరినవాళ్ళు నమ్మరు.

మంగళవారం మంగళవారం వస్తుందామె,
చెర్నాక్ ఎటెల్క.
డాన్యూబ్ అవతల నలభై ఏళ్ళు పురుళ్ళు పోసిన చేతులు.
పెట్టె మూత కూడా అలాగే తీస్తుంది,
లోపల ఎవరో ఊపిరి తీస్తున్నట్టు.

తాత కావాలామెకి.
హుస్సార్ దళం. పద్నాలుగో సంవత్సరం వేసవిలో రైలెక్కాడు,
గుర్రంతో సహా, ఒకే పెట్టెలో.
ఆమె తండ్రి అప్పటికింకా కడుపులో ఉన్నాడు.

మూడు నెలలు దొరకలేదు.
మా వైపు ఇంటిపేరు ముందు, పేరు తర్వాత.
జర్మన్‌లో రాసుకునే గుమాస్తాకి అది తలకిందులు.
చెర్నాక్ లొరాంద్‌ని తిరగేసి
లొరాంద్‌ల ఇంటివాణ్ణి చేసి
ముక్కూ మొహం తెలియని వాళ్ళ మధ్య పడుకోబెట్టాడు.

దొరికింది ఒక్క పంక్తి.
"1915 మార్చి 3. కనుమ దగ్గర. జాడ లేదు. మృతుడిగా భావించవచ్చు."
చివరి మాటకొచ్చేసరికి కలం ఎండిపోయింది,
మళ్ళీ ముంచే ఓపిక లేకపోయింది ఎవరికో.

గుర్రాల పుస్తకం వేరు.
ఊరికే చూడమని నేనే తెచ్చిచ్చాను.
తోలు అట్ట. మోయడానికి ఇద్దరు కావాలి.
ఎత్తు, వయసు, కొన్న సంత, అమ్మినవాడి ఊరు,
ఎడమ వెనక కాలికి తెల్ల మేజోడు,
నుదుట చుక్క, కాస్త కుడికి జరిగి,
ఏ డెక్క చీలింది, ఏ రోజున నాడా కొట్టారు...
గుర్రాన్ని డబ్బిచ్చి కొన్నారు మరి,
మనిషి చీటీ పంపితే వచ్చాడు.

అతను ఎక్కిన ఆడగుర్రం పేరు ఫెచ్కె.
ఫెచ్కె అంటే వానకోయిల.

ఆమె తాతని వదిలేసి గుర్రం వెంట పడింది.
మార్చి మూడు దాటినా ఫెచ్కె ఉంది.
తొమ్మిదిన కుంటింది.
పదకొండున పశువైద్యుడు చూశాడు.
పేజీల మధ్య, నాలుగు మడతల చీటీ ఒకటి,
పంతొమ్మిదో తేదీది:
"ఫెచ్కెకి దాణా. నాలుగు కిలోల యవలు. ముట్టింది."
కింద సంతకం.
చెర్నాక్ లొరాంద్.
ఇంటిపేరు ముందు.

ఆమె ఏడవలేదు.
కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని
వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టింది,
నెలలు నిండాయో లేదో చూసే తీరున.
పదహారు రోజులు.

"మా నాన్న డెబ్భై ఏళ్ళు
మార్చి మూడున కొవ్వొత్తి వెలిగించాడు.
ఆ రోజు ఇంట్లో మాంసం లేదు, రేడియో లేదు, గట్టిగా నవ్వకూడదు.
ఈయనేమో అక్కడ మంచులో నిలబడి
గుర్రానికి తిండి పెడుతున్నాడు."

సంతకం ఇంకెవరిదైనా కావచ్చు, అన్నాను.
అనాలి, ఉద్యోగం అలాంటిది.
చచ్చినవాడి పేరు మీద యవలు తీసుకుని
జావ కాచుకున్నవాళ్ళూ ఉన్నారు ఆ చలికాలం.

"ఆఖరి అక్షరం తోక చూడు,
మా నాన్నా అట్లాగే పైకి విసిరేవాడు."
కాసేపాగి తనే అంది,
"ఎవరు నేర్పారో."

పంతొమ్మిది తర్వాత ఫెచ్కె పేజీ ఖాళీ.
గీతలు మాత్రం కిందిదాకా ఉన్నాయి.

వెళ్తూ వెళ్తూ కొత్త దరఖాస్తు అడిగింది.
మా దగ్గర పెన్సిలే ఇస్తాం.
వెతుకుతున్నవారి పేరు: ఫెచ్కె.
గుర్తులు: ఎర్రటి ఆడగుర్రం, నుదుట చుక్క.
బంధుత్వం అన్న గడి దగ్గర
పెన్సిలు కొనతో బల్ల మీద రెండుసార్లు తట్టి
ఉంది, అని రాసింది.