కింద నిలబడ్డ మనిషి

నలభై మీటర్ల ఎత్తున
గ్డీనియా రేవు మీద గాజుగదిలో కూర్చుని
ముప్ఫై ఒక్క ఏళ్ళు
ఓడల కడుపుల్లోంచి కంటైనర్లు తీసినవాడు లుబోమీర్.
ఆ గదిలో అన్నీ ఉండేవట:
హీటరు, రేడియో, ఉప్పుచేప డబ్బా.
లేనిదొక్కటే.
దానికో సీసా.
"దిగి ఎక్కడానికి పావుగంట. ఓడ ఆగదు కదా" అన్నాడు
నేను చేతికి సూది గుచ్చుతుంటే.

ఇప్పుడు రాత్రికి ఏడుసార్లు లేస్తాడు.
గోడకి చెయ్యానించి నిలబడి
రానిదాని కోసం,
వచ్చీ రానిదాని కోసం
కొళాయి తిప్పి, ఆ చప్పుడుతో బతిమాలుకుంటాడు.
ఉసిరికాయంత ఉండాల్సింది
బత్తాయంత అయింది.
"క్యాన్సర్ కాదు, నెమ్మదైన గడ్డే" అన్నారు డాక్టర్ విల్చెక్.
"అంత నెమ్మదైనదైతే
నన్నెందుకు పడుకోనివ్వదు?"
ఆ ప్రశ్నకి మా దగ్గర ఫారం లేదు.

బల్ల ఎక్కేముందు గదంతా కలయజూశాడు.
ప్లాస్టిక్ తొడుగుల్లో ముడుచుకున్న నాలుగు చేతులు.
మూలన కుర్చీ, తల దూర్చే గూడు, కాళ్ళ దగ్గర పెడళ్ళు.
"ఆవిడ అక్కడా? నేనిక్కడా?"
అవునన్నాను.
"బరువు తెలుస్తుందా ఆమెకి?"
తెలీదు. అంతా కంటితోనే.
దారం బిగిసేచోట కండ తెల్లబడితే
ఇక చాలని ఆగాలి.
ఖాళీ కుర్చీ వంక చూసి తలూపాడు,
తోటి పనివాడు ఎదురైనట్టు.
"నాకు ఇనపతాడు ఊగేది. ఊగితే తెలిసేది."
మత్తు ఎక్కేదాకా ఆ తాడు గురించే.

తల పల్లానికి, కాళ్ళు మెరకకి.
పొట్టని గాలితో ఉబ్బించి
ఆరు చోట్ల వేలు పట్టేంత దారులు.
విల్చెక్ చెప్పులు వదిలేసి సాక్సులతో కూర్చుంది.
ఇక ఆమె మాకు గొంతు మాత్రమే.
"ఇవోనా, కత్తెర." మారుస్తాను.
"ఇవోనా, మసకైంది." కెమెరా కన్ను తుడుస్తాను.
తెర మీద మూత్రాశయం తలుపు తెరుచుకుంది.
లోపల అది,
పాలలో చిటికెడు పసుపు వేసిన రంగులో.
తొన చితక్కుండా వలిచినట్టు,
ఏ మనిషి మణికట్టూ తిరగలేనంత తిరిగి,
తొక్కని అక్కడే ఉంచి
పండుని తీసింది.
సంచిలో పడ్డప్పుడు చప్పుడేమీ లేదు.

బొడ్డు పక్కనుంచి దాన్ని బయటికి లాగింది మాత్రం
నా చేతులే.
నూట నలభై ఆరు గ్రాములు.
గ్లవ్స్‌లోంచి వెచ్చగా.
ఆ గదిలో దాని బరువు తెలిసింది
నాకొక్కదానికే.

మర్నాడు పొద్దున్న
గొట్టంలో ఎరుపు పలచబడి గులాబీకి దిగుతుంటే
నన్ను పిలిచాడు.
"కొక్కెం తగిలించే మనిషి కిందొకరుండాలి.
అది మీరేనా?"
ఏమనాలో తెలీక బ్యాగు మారుస్తున్నాను.
"నాకొకడుండేవాడు. పసుపు హెల్మెట్.
పంతొమ్మిదేళ్ళు వాడి చెయ్యి లేస్తే ఎత్తాను,
దిగితే దించాను.
ఒకరోజు రొట్టెల కొట్లో ఎవరో పలకరించారు.
బట్టతల. ఎవరో నాకు తెలీలేదు.
అతను చెయ్యి పైకెత్తి
పిడికిలి మూశాడు,
ఆగమని.
అప్పుడు తెలిసింది."
నా పేరడిగాడు.
చెప్పాక, సరిగ్గా పలికానా అని ఇంకోసారి అడిగాడు.

ఆరు వారాలకి వరండాలో ఎదురయ్యారు, భార్యా తనూ.
బోజెనా నన్ను పక్కకి లాగి చెప్పింది:
"మొన్న రాత్రి రెండింటికి నాకే మెలకువొచ్చింది.
మంచం కదల్లేదు.
భయమేసి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశా."
"చూస్తే?"
"తుమ్మాడు."

నవ్వుకుంటూనే లోపలికెళ్ళాను.
బల్ల మీద ఇరవై దాటని పిల్ల,
కిడ్నీ కిందే ఇరుకైన గొట్టం.
విల్చెక్ అప్పటికే
చెప్పులు విడిచేసింది.