నల్లతుమ్మ, నాలుగో మూల

మూడు మూలలు బాగానే కుదిరాయి.
నాలుగో మూలలో, పేచు ఇంకో రెండు చుట్లు తిరగాల్సి ఉండగా
టప్‌మంది.
పెద్ద చప్పుడేం కాదు.
జాంబాగ్ రోడ్డు మీద ఆటోల హారన్ల నడుమ
నాకూ, ఉప్పలాచారికీ తప్ప ఎవరికీ వినబడలేదు.
ఆయన చిత్రిక ఆపలేదు, తలెత్తలేదు.
"ఎంత పొడుగు చీలింది?" అన్నాడు.

జానెడు.

గోషామహల్‌లో కూల్చిన ఇంటి ద్వారబంధం అది.
ఎన్ని ఎండాకాలాలు తాగి ఆరిందో,
చిటికేస్తే ఇనుములా పలుకుతుంది.
కోసేటప్పుడు రంపం పళ్ళు రెండుసార్లు మొద్దుబారాయి.
ధూల్‌పేట కుర్రాళ్ళ క్యారమ్ బోర్డుకు చట్రం కావాలి,
శుక్రవారం రాత్రి పోటీ.
చందాలేసుకుని తెచ్చిన అడ్వాన్సు నిండా పది రూపాయల నోట్లే,
కొన్నింటికి బోర్డు పౌడరు ఇంకా అంటుకునే ఉంది.

ఇంత గట్టి కట్టె చీలుతుందనుకోలేదు, అన్నాను.
"గట్టిది గనుకనే.
మామిడి చెక్కయితే ఒత్తుకుని ఇంత జాగ ఇస్తది.
చేవ తేలినదానికి జరుగుడు రాదు."

పేచునూ బిట్టునూ ఒకదాని ముందొకటి
ట్యూబులైటుకు ఎదురుగా పట్టాడు.
"చూడు బిడ్డా, బిట్టు వెనక పేచు నడుము దాగాలె.
మరలు మాత్రం రెండు దిక్కుల కనబడాలె.
నడుముకు తోవ మనం ఇయ్యాలె,
మరలకు తోవ అదే కోసుకుంటది."

పై ముక్కకు లెక్క వేరు, బెజ్జం కొంచెం వదులు.
అక్కడ పేచు చుట్టపుచూపుగా దాటిపోవాలి,
కింది ముక్కలో ఇల్లరికపు అల్లుడిలా పాతుకోవాలి.
నవ్వాను. ఆయన నవ్వలేదు,
ఇద్దరు అల్లుళ్ళున్నారు ఆయనకు.

ఇంకా చాలా చెప్పాడు, వరసేం లేదు.
అంచుకు రెండు వేళ్ళ దూరం తగ్గొద్దన్నాడు.
బిట్టుకు టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకోమన్నాడు.
ఇత్తడి పేచుకు పౌరుషం తక్కువ, మెడ విరుచుకుంటుంది,
ముందు ఇనుప పేచు దించి తీసి
ఆ తోవలో దాన్ని పంపాలట.
బిట్టు దొరకని రోజుల్లో మొలతల కత్తిరించి
దానితోనే తొలిచేవాడట వాళ్ళ నాయన.
రెండు చుట్లు ముందుకు, అరచుట్టు వెనక్కి,
పొట్టు రాలనియ్యి, అన్నాడు.

వింటుంటే నాకు ఆదివారం గుర్తొచ్చింది.
ఫోనులో అక్కతో అన్న మాట,
ఒక్క ఊపులో తలదాకా దించేసిన మాట.
అవతల ఏం చప్పుడు రాలేదు.
"చారిసాబ్, మనుషులు కూడా" అని మొదలుపెట్టానో లేదో
"పేచుకు సబ్బు రుద్దు ముందు," అన్నాడు.

చీలికలోకి బ్లేడుతో జిగురు తోసి
పాత సైకిల్ ట్యూబుతో బిగించి రాత్రంతా ఉంచాం.
పొద్దున వేలితో తడిమితే తెలియలేదు,
కంటికి మాత్రం తెలుస్తుంది, వెంట్రుకంత.
"ఉండనీ," అన్నాడాయన.
రంగు వేయనివ్వలేదు.
పాత బెజ్జానికి ఎడంగా కొత్తది తొలిచాను,
పేచు మూలగకుండా దిగింది.

శుక్రవారం, గల్లీలో వంద వాట్ల బల్బు కింద
స్ట్రయికరు తగిలిన ప్రతిసారీ కుర్రాళ్ళు కేకలు పెట్టారు.
నాలుగో మూలకు తగిలినప్పుడల్లా
నేనొక్కదాన్నే ఊపిరి బిగబట్టాను.
ఎర్రకాయ ఎవరు వేశారో చూడనే లేదు.

ఇంటికొచ్చి చేతులు కడుక్కుందామని జేబు తడిమితే
ఆ బట్టల సబ్బు ముక్క,
ఒంటినిండా మరల గీతలు.
పదిన్నరయింది. అక్క పడుకునే వేళ కాదింకా.
రింగవుతున్నంతసేపూ దాన్ని వేళ్ళ మధ్య తిప్పుతూ ఉన్నాను.
ఎత్తింది. మాట్లాడలేదు.
"తిన్నవా అక్కా?" అన్నాను.