మూడు గంటలకొకసారి

తువ్వాలు పరిచాను. రంపపు పొట్టు వద్దంది డాక్టరు,
కుట్లలో ఇరుక్కుంటుందట.
నీ పాత పసుపు తువ్వాలే, గున్‌వోర్,
అంచు చిరిగింది. కోప్పడకు.

పెట్టె మూల ముల్టే ముడుచుకుని కూర్చుంది,
బొచ్చు నిక్కబొడుచుకుని,
ఎవరో సగం అల్లి వదిలేసిన ఉన్ని టోపీలా.
గొరిగిన పొట్ట మీద
నాలుగంటే నాలుగు కుట్లు.
నలభై ఏళ్లు వలలు కుట్టిన చేతులు నావి.
ఇంత సన్నటి కుట్టు ఎన్నడూ వేయలేదు.

పావురం గుడ్లంత నీటిబుడగలు రెండు
గర్భసంచితో పాటే తీసేశారట.
వాద్సో నుంచి తిరిగొస్తుంటే
సముద్రం కింది సొరంగంలో
పెట్టె నా ఒళ్లో, స్టీరింగు నీ చేతిలో.
నెత్తిన అంత నీరున్నా ఒక్క మాటా అనుకోలేదు మనం.
రేడియో గరగరలాడి ఊరుకుంది.
బయటికొచ్చాక నువ్వన్నావు:
"రాత్రి వంతు నీది."

రాత్రంటే ఇక్కడ ఏ రాత్రి?
డిసెంబరులో మిట్టమధ్యాహ్నం కూడా
కిటికీలో నీలి మసకే.
గడియారం చెబితేనే తెలియాలి ఎప్పుడు లేవాలో.
పదకొండు. రెండు. ఐదు.
పడవలో కాపలా మారినట్టే.

పచ్చటి పొడిని గోరువెచ్చటి నీళ్లలో కలుపుతాను.
చిక్కనైతే సిరంజి మూసుకుపోతుంది,
పల్చనైతే కడుపుకి ఆనదు.
గంజికీ జావకీ నడుమ ఎక్కడో ఉంది
దీని పథ్యం.
ముందుపళ్ల వెనక సందులోంచి, పక్కగా, చుక్క చుక్కగా.
తొందరపడితే ఊపిరితిత్తుల్లోకి పోతుందట.
మొదటి చుక్క గడ్డం మీదుగా కారింది.
రెండోది నా చొక్కా మీద.
మూడోదానికి దవడ కదిలింది.
గున్‌వోర్, నిన్ను లేపబోయాను.
లేపలేదు.

ఇనుప జాలీ అవతల
దాని చెల్లెలు రూగ్ ముక్కు ఆనించి చూస్తోంది.
ఏమైందో దానికి చెప్పేవాళ్లు లేరు.
ఆస్పత్రి వాసనకి ఓసారి తుమ్మి
అక్కడే పడుకుంది.

తొంభై ఒకటిలో
నీకు ఇదే కోత పడిన వారం
నేను బేర్ దీవికి అవతలున్నాను, కాడ్ చేపల వెంట.
వైర్‌లెస్‌లో మీ అన్న గొంతు:
"అయిపోయింది, బాగానే ఉంది."
"సరే" అన్నాను.
అప్పటికే వల లాగుతున్నారు. నేనూ వెళ్లి ఓ చెయ్యి వేశాను.
పదకొండు రోజుల తర్వాత ఇల్లు చేరేసరికి
నువ్వు నిలబడి బంగాళదుంపల చెక్కు తీస్తున్నావు.
మంచంలో ఉన్నప్పుడు నీకు సూపు ఎవరు తాగించారో
ఇన్నేళ్లలో నేను అడగలేదు.

మూడున్నర. పళ్లు నూరుతోంది, మెల్లగా.
నొప్పి పుడితే అలా చేస్తాయని కాగితం మీద రాసిచ్చారు.
మందు మళ్లీ ఎనిమిదింటికే.
చేయగలిగిందేమీ లేదు.
చెయ్యి దాని వీపు పక్కన పెట్టాను,
మీద కాదు, పక్కన.
కాసేపటికి అది జరిగి జరిగి నా వేళ్లకు ఆనుకుంది.
వంటింటి తక్కెడ నిన్న ఎనిమిది వందల డెబ్భై అంది,
ఇవాళ ఎనిమిది వందల నలభై.
తగ్గింది ముప్పై గ్రాములు.
ఒక పొడవాటి ఉత్తరమంత.
పడవ మీంచి నేను రాయనిది.

ఐదింటికి తువ్వాలు మడత విప్పితే
నల్లటి గింజ ఒకటి.
కాదు, మూడు.
చిన్నవి, వంకరవి, అయినా
పేగు నడుస్తోంది!
పెంటికలు చూసి నేనింత సంబరపడే రోజొస్తుందని
ఆ రోజుల్లో ఎవరైనా అని ఉంటే
పడవ పడవంతా పగలబడి నవ్వేది.
కాగితం మీద మూడు గీతలు గీశాను,
లెక్క తప్పకుండా.

నువ్వు గుమ్మంలోకి వచ్చావు, నా స్వెటర్ వేసుకుని.
"ఎన్ని?"
"మూడు."
వంగి కుట్లు చూశావు. ఎర్రదనం లేదు, వాపు లేదు.
అప్పుడడిగాను, ఫ్రిజ్ తలుపు తీస్తూ, నీ వైపు తిరక్కుండా.
సూపు సంగతి.
చాలాసేపు పలకలేదు నువ్వు.
"కింది ఇంటి ఓడ్‌రున్," అన్నావు. "ఉప్పు ఎక్కువేసేది."

కొత్తిమీర కవరు చప్పుడుకి
జాలీ అవతల రూగ్ కీచుమంది.
ఆ వెనకే పెట్టెలోంచి ఇంకో గొంతు,
తుప్పు పట్టిన బందులా, సన్నగా.

ఫ్రిజ్ తలుపు మూయడం
ఇద్దరం మర్చిపోయాం.