ఎండ్రకాయ బొరియ

సూర్యారావుపేటలో మా ల్యాబు.
పొద్దున ఆరింటికే పరగడుపు మనుషులు
మెట్ల మీద వరస కడతారు.
రక్తం సీసాలకి నెంబర్లు అంటించడం నా పని.
పేరు ఒకసారి నెంబరయ్యాక
ఎవరి నెత్తురైనా నాకు ఒకటే ఎరుపు.

ఆమె ఒక మంగళవారం వాళ్లమ్మతో వచ్చింది.
ఇద్దరికీ ఒకే పరీక్ష, తల్లికి అవసరం లేకపోయినా.
మర్నాడు ఒక్కతే వచ్చి కౌంటరు మీద ఫోను పెట్టింది.
"ఇది నా రిపోర్టు.
చివరి అంకె ఒకటి పెంచితే ఇదిగో, మా అమ్మది.
ఆపైన నేను మార్చలేదు.
ఆ తర్వాతి వాళ్లు నాకేమీ కారు."

పేరు కెజీయా. పటమటలో అద్దె గది.
పగలు కంపెనీ పని, రాత్రి ఈ వెతుకులాట.
మా మేనేజరుకి సగమే అర్థమైంది,
ఎవరో లోపలికి దూరారని.
దొంగయితే రసీదు పట్టుకుని వస్తుందా అని
ఒక్కరికీ తోచలేదు, నాతో సహా.
స్టేషన్లో చెక్కబెంచీ మీద రెండున్నర గంటలు.
"నీకెందుకమ్మా ఇవన్నీ? డబ్బులేమైనా ఇస్తారా?"
అన్నాడట ఎస్సై.

ఆమె తాత సంగతి చెప్పిందట.
యోబు, బందరు కాలువ మీద లస్కరు.
ముసురు పట్టిన రాత్రుళ్లు లాంతరుతో
గట్టు వెంట నడుం వంచి నడిచేవాడు,
ఎండ్రకాయ బొరియల కోసం.
బొటనవేలంత బొరియ.
తెల్లారేసరికి గండి.
వేలు పెట్టి చూసి, చెమ్మ తగిలితే
గడ్డీ బంకమట్టీ కూరి, మడమతో తొక్కి,
పొద్దున్నే ఓవర్సీరు గుమ్మంలో నిలబడితే
"నువ్వే తవ్వావేంట్రా?" అనేవాడట దొర.
ఎస్సై నవ్వాడో లేదో తెలీదు.
టీ మాత్రం తెప్పించాడు.

ఇక నా సంగతి.
ఆమె ఆ బెంచీ మీదున్న సాయంత్రమే
ఖాళీ కౌంటర్లో కూర్చుని నేను అంకె మార్చాను.
ఒకసారి.
ఇంకోసారి.
పదకొండోది మా వీధి మలుపులో
ఇస్త్రీ బండి బాబ్జీది.
అందులో ఏముందో ఇక్కడ రాయను.
రాయకపోతే ఏం,
మర్నాడు చొక్కాలు అతని చేతికి ఇవ్వబోతూ
నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది.
అతను చూశాడు.
"మరకలేమైనా ఉన్నాయా సార్?" అన్నాడు.

పందొమ్మిది రోజులకి బొరియ పూడ్చారు.
కేసు ఏమైందో ఎవరూ చెప్పలేదు.

మొన్న గాంధీనగర్లో ఫించనుదారుల సభ.
బ్యానరు మీద ఆమె పేరు తప్పు,
పక్కన "సైబర్ వీరవనిత".
శాలువా జారిపోతుంటే ఎడంచేత్తో పట్టుకుని చెప్పింది:
"బ్యాంకు వాడికి మీ మీద అంత తొందర ఉండదు బాబాయిగారూ.
తొందరపెట్టాడంటే వాడు బ్యాంకు వాడు కాదు."
ఎవరో వెనక నుంచి,
"మా ఆవిడ ఫోను తెరవగలవామ్మా?"
హాలంతా నవ్వు.
ఆమె నవ్వలేదు.
"తెరవగలను. తెరవను."
మైకు కాసేపు కీచుమంది.

ఆఖరి వరసలో నేను, శాలువా కప్పుతున్నప్పుడు
చప్పట్లు కొట్టబోయి
చేతులు ఒళ్లో పెట్టుకున్నాను.

తిరిగొస్తుంటే బాబ్జీ బొగ్గుల మీద
నీళ్లు చిలకరిస్తున్నాడు. చుయ్‌మని పొగ.
బండి దగ్గర ఆగాను.
"ఇప్పుడు కాదు సార్, రేపు ఇవ్వండి" అంటూ
నా చేతులకేసి చూశాడు.
నా చేతుల్లో చొక్కాల్లేవు.