రెండు గాట్లు ముందుకి

బొమ్మనహళ్ళిలో మెట్రో స్తంభం పక్కన మా షెడ్డు.
పొద్దున తొమ్మిదికే వచ్చారు మొగుడూ పెళ్ళామూ,
తెల్ల డీజిలు బండి, అరవైయొక్క వేల కిలోమీటర్లు.
తాళం తిప్పి ఇంజన్ ఆపగానే
గంగాళంలో గరిటె దొర్లినట్టు అడుగున ఒక గలగల.
ఆ తర్వాతే నిశ్శబ్దం.

నాకు అక్కడే అర్థమైంది.
అయినా ఇంకో నాలుగుసార్లు ఆపి, స్టార్టు చేసి విన్నాను.
అరవై ఎనిమిది వేల బిల్లును
ఊరికే చెబితే ఎవరు నమ్ముతారు?

గేర్‌బాక్సు దించడానికి మధ్యాహ్నమైంది.
ముబారక్ అడుగున, రేకుల మీద వాన.
ప్లేటు అంచులదాకా మాడిన జొన్నరొట్టె.
ప్రెషర్ ప్లేటు మీద నీలం మచ్చలు,
ఇనుము కమిలితే వచ్చే రంగు.
ఫ్లైవీలును చేతుల్లోకి తీసుకుని మెలిపెట్టాను.
చూడ్డానికి ఒకటే గానీ ఇవి రెండు చక్రాలు,
నడుమ వంపు స్ప్రింగులు, గ్రీజు.
ఇంజన్ వణుకునంతా ఆ నడిమిదే మింగుతుంది,
పైన కూర్చున్నవాళ్ళ కాఫీ తొణక్కుండా.
మంచిదైతే, మెలిపెట్టిన చెయ్యిని వెనక్కి నెడుతుంది.
ఇది నెట్టలేదు.
ఎటు తిప్పితే అటు పోయింది
కదిలిన పన్నులా.

"నేను తప్ప ఈ బండిని ఎవ్వరూ ముట్టరు" అన్నాడు శశిధర్.
"పదహారేళ్ళ డ్రైవింగు. క్లచ్ మీద కాలు ఆనించి నడిపే రకం కాదు."
నిజమే చెప్పాడు.
ట్రాఫిక్కులో అరిగిన ప్లేటు
పాత బిందె అడుగులా ఒకే తీరున అరుగుతుంది.
ఈ మచ్చలు వేరే.
యాక్సిలేటరు నొక్కి, క్లచ్ వదల్లేక
సగంలో పట్టుకుని, పట్టుకుని,
చటుక్కున వదిలేస్తే బండి ఎగిరి ఆగిపోయి,
మళ్ళీ తాళం, మళ్ళీ మొదటి గేరు.
వందసార్లు. రెండొందలసార్లు.
తెల్లారకముందు, ఏదో ఖాళీ లేఅవుట్లో.

ఇంకొకటి కూడా.
బండిని లిఫ్టు మీదికి ఎక్కించేటప్పుడు
సీటు కింద పట్టాలు చూశాను.
అతను కూర్చునే చోటికి రెండు గాట్లు ముందుకి
దుమ్ము లేదు.

ఆమె ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునుంది.
హైమవతి. బండి ఆర్‌సీలో ఉన్న పేరూ అదే.
టీ మీద మీగడ కట్టింది.
ఎడమ పాదాన్ని చెప్పులోంచి తీసి
కుర్చీ కాలి వెనక్కి లాక్కుంది.
నా ముఖం చూళ్ళేదు. ప్లేటునే చూసింది,
తను రాసిన ఉత్తరాన్ని ఎవరో
పైకి చదవబోతున్నట్టు.

"ఎందుకైంది మరి?"
ముబారక్ నావైపు చూశాడు. వాడికీ తెలుసు.
ఇరవై రెండేళ్ళలో
ఇనుము చెప్పినదానికి మార్చి చెప్పింది లేదు నేను.
ఈ రోడ్డులో నాకున్న పేరల్లా అదే.

"సిల్క్ బోర్డు, సార్" అన్నాను.

తల ఊపాడు.
ఈ ఊళ్ళో ఆ మాటకి ఎదురు ప్రశ్న వెయ్యరు ఎవరూ.

మూడోరోజు సాయంత్రం బండి తీసుకోడానికి వచ్చారు.
అతను ఫోను మాట్లాడుతూ గేటుదాకా వెళ్ళాడు.
ఆమె బండినే చూస్తూ, చాలా చిన్నగా:
"ఎంతదాకా వదిలితే కదుల్తుందండీ?"

"ముక్కు కాస్త లేస్తుందమ్మా.
పాదం కింద సన్నగా తెలుస్తుంది.
అక్కడ ఒక్క క్షణం ఆగి, వదిలెయ్యండి పూర్తిగా.
డీజిలు బండి, యాక్సిలేటరు ఇవ్వకున్నా
తనంతట తనే పోతుంది."

చెప్పులో ఎడమ పాదం మెల్లగా దిగింది,
మెల్లగా లేచింది.

అతనే నడుపుకుని వెళ్ళాడు.
పాత ఫ్లైవీలుకి తుక్కువాడు కిలోకి ఇరవై ఎనిమిదన్నాడు.
ఇవ్వబుద్ధి కాలేదు, ఎందుకో.
టార్పాలిన్ గాలికి లేవకుండా ముబారక్ దాని కొస మీద పెట్టాడు.

బిల్లులో రాయనిది ఒకటుంది.
ఆ రెండు గాట్లదాకా పట్టాలకి గ్రీజు పూశాను.
ఇక సీటు ముందుకి జరిపితే
చప్పుడు రాదు.