గుక్క

మా అచ్చాఫీసుకి ఆవిడ మొదటిసారి వచ్చినప్పుడు
చంకలో అట్టపెట్టె, బూట్లనిండా మంచు.
టొలీడోలో ఫిబ్రవరి. మామీ నది గడ్డకట్టి
దాని మీద పిల్లలు జారుతున్నారు.
"డబ్బు నాదే" అంది, "మూడువందల ప్రతులు చాలు."
ఓరా వాండవీర్.
టెలిఫోను ఎక్స్ఛేంజిలో రాత్రి డ్యూటీ.

నేను ఆంటన్ జెలింకా, లైనోటైపు మనిషిని.
ఇంగ్లిషు నాకు చెవిలోంచి రాలేదు.
వేళ్ళలోంచి వచ్చింది, వేడి సీసంలోంచి,
అదీ అద్దంలో బొమ్మలా తిరగబడి.
అందుకే తప్పు నాకు ఇట్టే కనబడేది,
పలువరసలో ఊడిన పన్నులా.

మొదటి పేజీలో కామా లేదు.
రెండో పేజీలో లేదు.
పద్నాలుగో పేజీ దాకా ఒకటే వాక్యం,
అందులో పడుకున్న ఊరంతా మాట్లాడుతోంది
బొగ్గు బాకీ కవలల్లో ఒకడికి జ్వరం
డెట్రాయిట్ నుంచి ఎవరో ఏమీ అనకుండా
మూడు నిమిషాలు ఊపిరి మాత్రం పంపి పెట్టేయడం
ఎవరి మాట ఎక్కడ తెగిందో ఎవరిది అందుకుందో.
పాపం చదువు రానిది, అనుకున్నాను.
జాలిపడి, రెండు రాత్రులు కూర్చుని
నాలుగువందల పన్నెండు కామాలు పెట్టాను.

ప్రూఫులు తిరిగొచ్చాయి.
ఒక్కో కామా మీద ఎర్ర పెన్సిలు, ఈగని కొట్టినట్టు.
అంచున చీమల అక్షరాలతో:
"జెలింకా గారూ, రాత్రి రెండింటికి
ఈ ఊరు గుక్క తిప్పుకోదు.
వినేదాన్ని నేను."
ఒళ్ళు మండింది. తీశాను.
ఒక కామా తీయాలంటే లైను మొత్తం మళ్ళీ పోత పోయాలి,
ఆవిడకేం తెలుసు.

పుస్తకం వచ్చింది. ఊళ్ళో ఎవరూ కొనలేదు,
అందరూ చదివారు.
నోట్లో నువ్వుగింజ నాననివాళ్ళకి
తమ నోరు తమకే అచ్చులో ఎదురైతే!
బొగ్గు బాకీ ఆసామి మా గుమ్మం మీద ఉమ్మేసి పోయాడు.
ఎక్స్ఛేంజివాళ్ళు ఉద్యోగం పీకేశారు.
న్యూయార్కు పత్రికొకటి రెండు పంక్తులు రాసింది,
ఒకటి పొగడ్త,
రెండోదాంట్లో పేరు తప్పు.

తర్వాతది వాళ్ళ నాన్న పుస్తకం.
గాజు ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు సీసాలు ఊది
బుగ్గలు తిత్తుల్లా వేలాడి పోయాడాయన.
పుస్తకంలో ఆయన ఎక్కడా లేడు.
సీసాలున్నాయి. మందువి, సిరావి, పాలవి,
ఎవరింటి కిటికీలో ఏ పూట ఎండకి ఏది పచ్చబడిందో.
"లోపలి ఖాళీ ఉందే, అది మా నాన్న ఊపిరి" అంది
నేను అడక్కుండానే.
ఆయనది సీసా, నాది సీసం,
రెండూ మంటలోంచే గదా అనబోయి
బిల్లు సంగతి ఎత్తాను.

మూడోది పూర్తవలేదు.
హెడ్‌సెట్టు మోసిన ఎడమ చెవి ముందు పోయింది,
దాని వెనకే రెండోది.
కాగితం మీద మాటకీ మాటకీ మధ్య తెలుపు పెరుగుతూ వచ్చింది.
ఒక పేజీలో "ఎవరు" అని ఒక్క మాట,
మిగతాదంతా మంచు.
చదివేవాళ్ళకి తెలీదు, ఖాళీకి కూడా సీసమే కావాలి.
ఖాళీకి నేను డబ్బు తీసుకోలేదు.

ఆవిడ పోయి పదిహేడేళ్ళు.
నిన్న యూనివర్సిటీ కుర్రాడొకడు వచ్చాడు, మెడకి టై,
చేతిలో మొదటి పుస్తకం.
తొంభై ఆరో పేజీ తెరిచి వేలు పెట్టాడు.
డెట్రాయిట్ ఊపిరి మళ్ళీ వచ్చే చోట
ఒక కామా.
పుస్తకం మొత్తంలో ఒకే ఒక్కటి.
దీని మీద వాళ్ళ ప్రొఫెసరు నలభై పేజీలు రాశాడట.

కళ్ళద్దాలు తుడుచుకుని చూశాను.
నా చెయ్యి మరిచిందా,
ఆవిడ కన్ను తప్పిందా,
చూసి కూడా, పోనీలే, అని ఉంచిందా.
తెలీదన్నాను. అదీ రాసుకున్నాడు.
వాడు వెళ్ళాక చాలాసేపు
ఆ పేజీ పైకి చదువుకున్నాను, గొంతెత్తి, ఒంటరిగా,
ఆ చోటికి రాగానే
నాకు తెలీకుండానే ఆగి,