స్టార్టరు లోపలి గొంతు

కళ్యాణదుర్గం బస్టాండు ఎనక నాది చిన్న అంగడి.
ఇంతవరకూ మూడు నూర్ల నలభై మొబైల్ స్టార్టర్లు బిగించినా,
ఒక్కోదాని కడుపులో ఒక్కో సిమ్ము.
కంపెనీ గొంతు మా రైతులకు పట్టుబడలేదని
మా ఇంటామె ఈరక్కతో మాటలు రికార్డు చేయించినా,
ఫ్యాను ఆపి, కుక్కరు దించి, తలుపేసుకొని.
"మోటారు ఆడతాండాది."
"కరంటు లేదు."
"నీళ్ళు లేవు. మోటారు ఆపినా."
మూడో మాటకు నవ్వు ఆగక నాలుగు తూర్లు చెప్పింది.

అంతకు ముందు తిప్పేస్వామి
రాత్రి పన్నెండుకు కరంటొస్తే
టార్చిలైటూ కట్టే పట్టుకొని చీనీ తోటకు పోయేటోడు.
పాములకు వినపడేటట్ల నేలను తట్టేటోడు.
పైపు మూతి కాడ అరచెయ్యి పెట్టి
నీళ్ళ బరువు చూసేటోడు.
నిన్నటికంటే పలచన అని చేతికి తెలిసిన రాత్రి
తొందరగా ఆపేసి వచ్చేటోడు.

ఇప్పుడు దుప్పట్లోనుంచి ఒక మిస్డ్ కాల్.
పాము బతికింది, తిప్పేస్వామీ బతికినాడు,
నన్ను చల్లగుండమన్నాడు.
చెయ్యి మాత్రం నీళ్ళను మరిచింది.

నాలుగు నూర్లడుగులు. ఆరు నూర్లు. తొమ్మిది నూర్లు.
బోరుబండి వచ్చిపోయిన ప్రతిసారీ
చీనీ ఆకుల మీద తెల్లటి రాతిపిండి.
ఊరి మొదట్లో గవర్మెంటోళ్ళు పాతిన గొట్టముంది,
ఆరు గంటలకొక తూరి నీటిమట్టం లెక్క పైకి పంపుతాదంట,
ఎక్కడో తెర మీద ఎర్రచుక్క అయితాదంట.
చూసేటోళ్ళు చుక్కను చూస్తాండారు.
మేము మిస్డ్ కాల్ ఇస్తాండాము.

ఈ ఎండాకాలం నడిరాత్రి
మండలమంతా దిండ్ల కింద ఫోన్లు మోగుతాండాయి.
ఎత్తితే మా ఈరక్క,
నవ్వు ఇంకా పూర్తిగా ఆరని గొంతు:
"నీళ్ళు లేవు. మోటారు ఆపినా."
తిప్పేస్వామి చెట్లు కొట్టేసి నెలయింది.
ఎండిన బోరు కాడ డబ్బా అట్లే ఉండాది,
సిమ్ములో రీచార్జి ఇంకా మిగిలుండాది.
నిద్ర రాక ఒకనాడు నేనే చేసి చూసినా.
పలికింది.

మొన్న ట్యాంకరు రాలేదు.
ఖాళీ బిందె చంకనేసుకొని
గడపలో నిలబడి అదే మాట అనింది ఈరక్క,
రెండో సగం అనకుండా.
బిందె దించలేదు. కాసేపటికి అడిగింది:
"ఎంతమందికి చెప్పింటా నేనీ మాట?"
లెక్క చెప్పినా.
"ఒకరన్నా మారు పలికినారా?"
ఆ డబ్బాలో మారు పలికే ఏర్పాటు లేదు, ఈరక్కా.
ఒకటి నొక్కితే ఆన్.
రెండు నొక్కితే ఆఫ్.